కొమ్ము లేని ఖడ్గమృగానికి కొత్త పేరు పెట్టాలంటే

చైనాలోని గాన్సు ప్రాంతంలో, లిన్షియా లోయలో దొరికిన ఒక రాక్షస ఖడ్గమృగానికి 2021లో చైనా శాస్త్రవేత్త డెంగ్ టావో బృందం పారాసెరాథీరియం లిన్షియాయెన్స్ అని పేరు పెట్టింది. వయసు సుమారు 2.65 కోట్ల ఏళ్లు. ఆధారం ఒక పుర్రె, దాని కింది దవడ, మెడలోని మొదటి పూస. ఇంకో జంతువువి రెండో మెడపూస, రెండు వీపు పూసలు. వినడానికి తక్కువే. కానీ ఈ రాక్షస ఖడ్గమృగాల కుటుంబంలో పుర్రె, దవడ జతగా దొరకడమే పెద్ద అదృష్టం.

కొత్త జాతి వర్ణనలో అసలు శ్రమ, అది పాత జాతి కాదని చూపించడంలోనే ఉంటుంది. ఈ జంతువుల చరిత్రే అందుకు హెచ్చరిక. బలూచిస్తాన్‌లోని డేరా బుగ్టీ ఎముకలకు బ్రిటిష్ శాస్త్రవేత్త ఫార్‌స్టర్ కూపర్ 1911లో పారాసెరాథీరియం అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు పెట్టాడు. 1913లో అక్కడి పెద్ద ఎముకలకు థౌమాస్టోథీరియం అన్నాడు. ఆ పేరు అప్పటికే ఒక పురుగుకు ఉందని తేలాక బలూచిథీరియంగా మార్చాడు. కజకిస్తాన్ ఎముకలకు రష్యన్ శాస్త్రవేత్త బోరిస్యాక్ ఇండ్రికోథీరియం అన్నాడు. చివరికి 1989లో లూకాస్, సోబస్ ఇవన్నీ ఒకే ప్రజాతి అనీ, తేడాల్లో కొన్ని ఆడ, మగ తేడాలే కావచ్చనీ వాదించారు. అప్పుడు నిలిచేది అన్నిటికంటే ముందు పెట్టిన పేరే.

అందుకే తేడా కనబడగానే మూడు అనుమానాలు తీర్చుకోవాలి.

మొదటిది వయసు. ఖడ్గమృగం పైదవడ పన్నుకు బయటివైపు పొడవాటి గోడ, దాని నుంచి లోపలికి రెండు అడ్డ గట్లు ఉంటాయి. పన్ను అరిగేకొద్దీ గట్ల మధ్య లోయ పూడుకుపోయి చిన్న గుంటగా మిగులుతుంది. లేత పన్నును ముసలి పన్నుతో పోలిస్తే రెండు జాతులు ‘పుట్టుకొస్తాయి’. సమానంగా అరిగిన పళ్లనే పక్కపక్కన పెట్టాలి. చివరి దవడపన్ను పూర్తిగా వచ్చిందా, పుర్రె అతుకులు మూసుకున్నాయా అన్నదీ రాయాలి.

రెండోది నలుగుడు. మట్టి బరువుకు పుర్రె అణిగితే వెడల్పు, ఎత్తు రెండూ అబద్ధం చెబుతాయి. కుడి, ఎడమ రెండువైపులా కొలిచి, పొసగని కొలతను పక్కనపెట్టడమే మంచిది. లిన్షియా పుర్రెలో ముఖ్యమైన గుర్తు ముక్కెముకల కింది గంటు బాగా లోతుగా ఉండటం. అణిగిన పుర్రెలో ఇలాంటి గుర్తును ఒకటికి రెండుసార్లు చూడాలి.

మూడోది ఆడ, మగ తేడా. ముందుపళ్ల పరిమాణం, నుదుటి ఉబ్బు ఒక్కటే చూసి జాతిని నిలబెట్టకూడదు.

ఇవి దాటాక హోలోటైప్‌గా, అంటే ఆ జాతి పేరుకు ఆధారంగా నిలిచే నమూనాగా, ఒక్కదాన్నే ఎంచి, అది ఏ మ్యూజియంలో ఏ నంబరుతో ఉందో, ఏ పొరలో దొరికిందో రాయాలి. ప్రచురణ ఎలక్ట్రానిక్‌గా మాత్రమే వస్తే జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ రిజిస్టరైన జూబ్యాంక్‌లో ముందే నమోదు తప్పనిసరి.

పేరు చివరి అక్షరాలకూ వ్యాకరణం ఉంది: రెండో మాట ముగింపు, ముందున్న ప్రజాతి పేరు లింగాన్ని బట్టి మారుతుంది. కర్నూలు గుహల్లో దొరికిన ఖడ్గమృగానికి లైడెక్కర్ 1886లో రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అన్నాడు, రైనోసెరస్ పుంలింగం. థీరియం నపుంసకలింగం కాబట్టి లిన్షియాది ‘యెన్స్’ అయింది. కర్నూలు జంతువును ఎవరైనా థీరియంతో ముగిసే ప్రజాతిలోకి మారిస్తే, దాని పేరూ కర్నూలియెన్స్ అని మారాల్సిందే.