హనోయిలో చై అంటే చాయ్ కాదు

మా ఇంట్లో ఎప్పుడూ రెండు వంటలే. మావారు పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, ఆదివారం బిర్యానీ ఉండాల్సిందే. నా పుట్టిల్లు ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. 26 ఏళ్ళ కాపురంలో దీని గురించి ఒక్కసారి కూడా మాటామాటా రాలేదు. హైదరాబాద్‌లో ఏ హోటల్‌కి వెళ్ళినా ఇద్దరికీ ఏదో ఒకటి దొరుకుతుంది కూడా. అందుకే వియత్నాం వెళ్దామని ఆయన అన్నప్పుడు వీసా గురించీ, విమానం గురించీ నాకేమీ దిగుల్లేదు. వీసా ఆన్‌లైన్‌లోనే అయిపోయింది, మనిషికి 25 డాలర్లు. నా టెన్షనంతా తిండి గురించే. పులిహోర పొడి, కందిపొడి, మాగాయ, అటుకులు అన్నీ సర్దుకున్నాను.

2024 నవంబర్‌లో, కార్తీక మాసంలో శంషాబాద్ నుంచి బయల్దేరాం. కార్తీకంలో ప్రయాణమేమిటని అత్తయ్యగారు అన్నారు గానీ, ఆయనకి సెలవు దొరికింది అప్పుడే.

హనోయిలో దిగిన రోజు రాత్రి భయపడి ఒక ఇండియన్ రెస్టారెంట్‌కే వెళ్ళాం. పనీర్ కూర, రెండు నాన్లు, పప్పు, ఆయనకి చికెన్. బిల్లు 6 లక్షల డాంగులు. అప్పుడు రూపాయికి సుమారు 300 డాంగులు కాబట్టి మన లెక్కలో 2,000 రూపాయలు. డబ్బు మాట అలా ఉంచితే, ఆ తిండిలో రుచి లేదు, ఊరి వాసన అసలే లేదు. ఇంత దూరం వచ్చి ఇదా తినేది అనిపించింది. ఆయన పైకి ఏమీ అనలేదు గానీ, రేపటి నుంచి ఊరి హోటళ్ళకే వెళ్దామని నేనే అన్నాను.

మర్నాడు పొద్దున పాత బజారులో ఫో దుకాణం. ఫో అంటే ఎముకల రసంలో బియ్యపు నూడుల్స్ వేసిచ్చే వంటకం. నేల మీద జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్ళు, ఇంచుమించు మన పీటల్లాగే. పెద్ద గుండిగలో ఎముకల రసం మరుగుతోంది. అనాసపువ్వు, దాల్చినచెక్క వాసన వీధి మొగలోనే తగిలింది. మావారు ఒక్క క్షణం ఆగి, "మన బిర్యానీ మసాలా వాసనే కదూ?" అన్నారు. ఫో గా అంటే చికెన్‌తో చేసేది, అది తెప్పించుకున్నారు, 60 వేల డాంగులు. నిమ్మకాయ పిండి, పచ్చిమిరప ముక్కలు వేసుకుని గిన్నె ఎత్తి రసం చివరి చుక్క దాకా తాగారు. నేను పక్కన కూర్చుని అరటిపండు తిన్నాను. నాకేమీ బాధగా లేదు, ఆయనకే మింగుడు పడలేదు. "నువ్వు చూస్తుంటే నాకు తిన్నట్టు లేదు" అన్నారు బయటికొచ్చాక. మధ్యాహ్నమూ అదే తంతు. బొగ్గుల మీద మాంసం కాల్చి, సన్నటి బియ్యపు సేమియాతో పెట్టే బున్ చా అనే వంటకం హనోయి ప్రత్యేకం. ఆయన దాని వైపు చూసి కూడా వద్దన్నారు, నాతో పాటు అటుకులే తిన్నారు.

ఆ సాయంత్రం హోటల్ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయితో నా గోడు చెప్పుకున్నాను. ఆ పిల్ల ఒక కాగితం మీద మూడు మాటలు రాసి, నాతో పదిసార్లు పలికించింది. తోయ్ అన్ చై. నేను శాకాహారం తింటాను అని అర్థం. చై అంటే శాకాహారం, పలకడం మాత్రం అచ్చం మన ఇరానీ చాయ్‌లాగే! హైదరాబాద్‌లో రోజుకి నాలుగుసార్లు అనే మాట కదా, నా నాలుక సులువుగానే పట్టేసింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. కూర ఆకుకూరే అయినా, అందులో నువొక్ మామ్ పడి ఉండొచ్చట. చేపలు, ఉప్పు కలిపి నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం అది. మనకి చింతపండు ఎంతో వాళ్ళకి అది అంత. కాబట్టి "కూరగాయలేనా?" అని అడిగితే చాలదు, చై అనే అడగాలి. వియత్నాం వెళ్ళే శాకాహారులు ఈ ఒక్క మాట మాత్రం నేర్చుకుని వెళ్ళండి.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని ఒక బాన్ కువోన్ దుకాణం ముందు ఆగాను. అక్కడ చూసినది నా కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు. ఒకావిడ మరిగే నీళ్ళ గిన్నె మూతికి గుడ్డ బిగించి వాసెన కట్టింది. పల్చటి బియ్యప్పిండి గరిటెడు పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పి మూత పెట్టింది. పది అంకెలు లెక్కపెట్టే లోపు మూత తీసి, వెదురు బద్ద కిందకి దూర్చి ఒక్క ఊపున లేపింది. అవతలి చెయ్యి కనిపించేంత పల్చటి పొర! మా ఊళ్ళో బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగి పూతరేకు తీసే మా అత్తలే కళ్ళ ముందు కదిలారు. అది పొడిగా కరకరలాడుతుంది, ఇది తడిగా జారిపోతుంది, అంతే తేడా. మామూలుగా లోపల పంది మాంసం, పుట్టగొడుగుల కూరు పెడతారు. నా కాగితం చదివి ఆవిడ తలూపి, ఏ కూరూ లేకుండా ఉత్త రేకులు చుట్టి, వేయించిన ఉల్లిపాయలు చల్లకుండా, చేపల రసం బదులు సోయా సాస్, మిరప ముక్కలు పెట్టింది. అవే గిన్నెలు, అదే బద్ద అని పట్టింపు పెట్టుకుంటే నేను ఇల్లు కదలక్కర్లేదు. రెండు పళ్ళేలు తిన్నాను. నేను కడుపు నిండా తినడం చూసి, ఆయన అప్పుడు తన కోసం కూరు పెట్టినవి తెప్పించుకున్నారు.

కాఫీల గురించి ఒక్క మాట. గుడ్డు పచ్చసొన గిలక్కొట్టి కాఫీ మీద నురగలా పోసి ఇస్తారు. 1946లో పాలు దొరకని రోజుల్లో, అక్కడి మెట్రోపోల్ హోటల్లో పనిచేసే ఒకాయన కనిపెట్టాడట. మావారికి అది, నాకు కొబ్బరి కాఫీ. కోనసీమ పిల్లకి అంతకంటే ఏం కావాలి.

నవంబర్ 15 కార్తీక పౌర్ణమి. పొద్దున్నించీ ఉపవాసం ఉన్నాను. బయటికి వస్తే ప్రతి దుకాణంలోనూ పళ్ళు, పూలు, అగరుబత్తులు. ఏమిటివాళ పండగా అని రిసెప్షన్ అమ్మాయిని అడిగితే "జమ్" అంది. పౌర్ణమి అన్నమాట. వాళ్ళ చాంద్రమానంలో నెలలో మొదటి రోజూ, పదిహేనో రోజూ చాలామంది మాంసం ముట్టరట. నిష్ఠగా ఉండేవాళ్ళు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారట. నాకు ఒళ్ళు పులకరించింది. అత్తయ్యగారికి వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

సాయంత్రం హోవాన్ కియెమ్ చెరువు గట్టున నిలబడి చంద్రుణ్ణి చూసి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత ఆ అమ్మాయి చెప్పిన చై హోటల్‌కి వెళ్ళాం. లోపల కాలు పెట్టే చోటు లేదు, అందరూ ఆ ఊరివాళ్ళే. ఒక ముసలావిడ జరిగి తన బల్ల దగ్గరే చోటిచ్చింది. టొమాటో రసంలో ఉడికించిన టోఫు, తూటికూర వేపుడు, తామర గింజలు కలిపిన అన్నం, వేరుశెనగ పప్పు చల్లి నిమ్మరసం పిండిన అరటిపువ్వు ముక్కలు. అరటిపువ్వు! ఉడకని పుల్లలు, అదే దొంగలు, ఏరి, మజ్జిగలో వేసి, కూర చేయడానికి మా అమ్మకి పూటంతా పట్టేది. ఇక్కడ పచ్చిదే సన్నగా తరిగి, ఇంత కమ్మగా చేశారు. మొదటి ముద్దకే కళ్ళు చెమర్చాయి. ఆయన గబగబా తినే మనిషి, ఆ రాత్రి నాతో సమానంగా నెమ్మదిగా తిన్నారు. బల్ల మీద ఇది నీది, ఇది నాది అని లేదు. నాలుగు గిన్నెలూ మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఖాళీ చేశాం. తూటికూర ఇంకో గిన్నె ఆయనే అడిగి తెప్పించుకున్నారు. ముసలావిడ లేస్తూ తన పళ్ళెంలో మిగిలిన రెండు అరటిపళ్ళు నా చేతిలో పెట్టి వెళ్ళింది. అప్పటిదాకా ఆవిడకీ నాకూ మధ్య ఒక్క మాట లేదు.

మర్నాడు పొద్దున లేవగానే ఆయన, "మళ్ళీ ఆ చై హోటల్‌కే పోదామా?" అన్నారు.

"మధ్యాహ్నం పోదాం లెండి. ఇప్పుడు మీ ఫో దగ్గరికి పదండి. పక్క సందులో బాన్ కువోన్ ఆవిడ ఉంది, నేను అక్కడినుంచి కట్టించుకొచ్చి మీ పక్కనే కూర్చుంటాను" అన్నాను.