మెక్‌గ్రోరీ వెళ్ళలేదు కదమ్మా

సర్దిన అట్టపెట్టెలోంచి తన ఫుట్‌బాల్ బూట్లు బయటికి తీసి, కార్పెట్ మీద పెట్టి, మా పదకొండేళ్ళ వాడు అన్న మాట ఇది. బూట్ల అడుగున ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ఎత్తమని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు.

మా ఆయనకి లండన్‌లో ఇంతకంటే మంచి ఉద్యోగం వచ్చింది. స్కాట్లండ్‌లోని ఈ గ్లాస్గో వదిలి వెళ్ళాలి. వాడు రానంటున్నాడు. రెండు రోజులు అలిగి ఊరుకుంటాడనుకున్నాను గానీ, నేను చెప్పిన కథే నాకు తిప్పి అప్పజెప్తాడనుకోలేదు.

రెండేళ్ళ క్రితం వాడు తెలుగు క్లాసు మానేస్తానని మొండికేశాడు. పట్టుకున్నది వదలకూడదని ఎలా చెప్పాలో తెలియలేదు. రామాయణం కథలు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే వయసు వచ్చేసింది. వాడికి ప్రాణమైన గ్లాస్గో ఫుట్‌బాల్ జట్టు సెల్టిక్‌లోనే ఎవరైనా దొరుకుతారేమోనని వెతికితే పాతకాలపు ఆటగాడు జిమ్మీ మెక్‌గ్రోరీ దొరికాడు. అప్పటికి నాకు ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అనే నియమం కూడా తెలియదు. వాడి కోసం మొదలుపెట్టిన చదువు, చివరికి నేనే వదల్లేకపోయాను.

ఆయన 1904లో గార్న్‌గాడ్‌లో పుట్టాడు. ఇప్పుడు రాయ్‌స్టన్ అంటున్నారే, అదే. ఐర్లండ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళ పేట. ఆయన కుటుంబమూ అలా వచ్చిందే. సెల్టిక్ క్లబ్ కూడా అలాంటి పేదల పిల్లలకి అన్నం పెట్టే డబ్బు కోసం 1887లో పుట్టింది. మనిషి అయిదడుగుల ఆరంగుళాలే, కానీ తలతో కొట్టడంలో ఆయనకి సాటి లేదు. బంతి కాస్త కిందుగా వచ్చినా ముందుకి దూకేసి, గాల్లో బోర్లా తేలుతూ నుదుటితో కొట్టేవాడు. ఆ రోజుల్లో బంతి తోలుది, వానకి తడిస్తే బరువెక్కేది. 1925 స్కాటిష్ కప్ ఫైనల్లో డండీ జట్టు మీద గెలిపించిన గోల్ అలా కొట్టిందే. 1928 జనవరిలో డన్‌ఫర్మ్‌లిన్ జట్టు మీద సెల్టిక్ తొమ్మిది గోల్స్ వేస్తే అందులో ఎనిమిది ఆయనవి.

మా వాడికి ఆ ఎనిమిది ముద్దు. నాకు నచ్చింది ఆ ఏడాదే జరిగిన ఇంకో సంగతి. సెల్టిక్ మేనేజర్ విల్లీ మేలీ ఆయన్ని వెంటబెట్టుకుని ఫ్రాన్స్‌లో కాథలిక్కుల పుణ్యక్షేత్రమైన లూర్ద్ యాత్రకి బయల్దేరాడు. దారిలో లండన్‌లో అక్కడి క్లబ్బు ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ వచ్చి కలిశాడు. మెక్‌గ్రోరీ కోసం సెల్టిక్ క్లబ్బుకి 10,000 పౌండ్లు ఇవ్వడానికి సిద్ధం. ఆయన రానన్నాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అడిగారు. మళ్ళీ రానన్నాడు. "డబ్బు పిలిచినా వెళ్ళలేదు చూశావా కన్నా" అని ఎన్ని రాత్రులు చెప్పానో.

ఒక ముక్క మాత్రం చెప్పలేదు. వెళ్ళనన్నందుకు క్లబ్బు ఆయనకి తోటి ఆటగాళ్ళకంటే తక్కువ జీతం ఇస్తూ వచ్చింది. ఆ సంగతి ఆయనకి తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. అది చెబితే కథ చెడిపోతుందని దాచుకున్నాను. మొన్న వాణ్ణి ఒప్పించడానికి ఆ దాచినదే బయటికి తీశాను. "ఉండిపోయినవాడికి ఏం దక్కిందో తెలుసా? ఆర్సెనల్ ఆ పదేళ్ళలో అయిదుసార్లు ఇంగ్లండ్ లీగ్ గెలిచింది" అన్నాను. రెండేళ్ళు ఒకలా చెప్పి, నాకు అవసరమొచ్చిన రోజున అదే కథని ఇంకోలా తిప్పాను. చెబుతుంటేనే సిగ్గేసింది.

వాడు కాసేపు బూటు లేసు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "నువ్వు కాకినాడ నుంచి వచ్చేటప్పుడు తాతయ్య వెళ్ళొద్దన్నాడా?" అని అడిగాడు.

నాన్న వెళ్ళొద్దనలేదు. స్టేషన్‌లో రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు, అంతే. వాడికి ఏం చెప్పాలో తెలియక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పిల్లలకి కథ చెబితే మొత్తం చెప్పండి, మనకి పనికొచ్చే సగం కాదు అని రాద్దామని కూర్చున్నాను. కానీ మొత్తం చెప్పి ఉంటే వాడు వచ్చేవాడా? ఏమో. మెక్‌గ్రోరీ సంగతీ అంతే. జీతం తగ్గుతుందని ముందే తెలిసినా ఉండిపోయేవాడేమో. 1933లో గ్లాస్గోలోని హాంప్‌డెన్ స్టేడియంలో ఇంగ్లండ్ మీద రెండు గోల్స్ ఆయనే కొట్టి స్కాట్లండ్‌ని గెలిపించాడు. 1,34,710 మంది జనం. వలస వచ్చినవాళ్ళ బిడ్డ కోసం ఆ ఊరు అలా అరిచిందంటే నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. మా వాడు స్కాట్లండ్ మ్యాచ్ చూస్తూ "మనం గెలిచాం" అంటాడు. నేను ఇన్నేళ్ళున్నా "వాళ్ళు గెలిచారు" అనే అంటాను. వాణ్ణి ఇక్కడ పెంచింది నేనే, ఇది నీ ఊరు కాదన్నట్టు పెట్టెలు సర్దుతున్నదీ నేనే.

నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. అన్నీ చెప్పాను. "వాణ్ణి ఒకసారి నాకివ్వు" అన్నాడు. ఇద్దరూ తలుపేసుకుని అరగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. బూట్లు ఇంకా కార్పెట్ మీదే ఉన్నాయి. మా ఆయన శుక్రవారం లోపు ఆఫీసుకి జవాబు చెప్పాలి.