ఒక మందు చాలనప్పుడు

డిప్రెషన్‌కి మొదట ఇచ్చిన ఎస్సిటాలోప్రామ్ మాత్రతో ఏడుపు ఆగింది, నిద్ర కుదిరింది. కానీ పొద్దున్నే లేచి పళ్లు తోముకోవడం కూడా పెద్ద పనే. మోతాదు 20 మిల్లీగ్రాములకు పెంచారు, తర్వాత వెన్లాఫాక్సిన్ అనే ఇంకో మందుకు మార్చారు. అదే తీరు. పర్లాకిమిడిలో మా వీధివాళ్ల లెక్కలో మాత్రం నాకు నయమైపోయింది. వండుతోంది, పలకరిస్తే నవ్వుతోంది, ఇంకేం కావాలి?

బరంపురం డాక్టరుగారు అలా వదిలెయ్యలేదు. మందు రోజూ వేసుకుంటున్నానా అని అడిగారు, థైరాయిడ్ చూపించారు. హుషారు హద్దు మీరిన రోజులేమైనా ఉన్నాయా అని మా ఆయన్ని గుచ్చి గుచ్చి అడిగారు. మొదటి మందుతో పూర్తిగా తేరుకునేవాళ్లు సుమారు మూడోవంతేనట. రెండు మందులు సరైన మోతాదులో, చాలినన్ని వారాలు వాడినా గుణం రాకపోతే, ఉన్న మందుకు ఇంకొకటి జత చేస్తారు.

నాకు మొదట అరిపిప్రజోల్ కొద్ది మోతాదులో ఇచ్చారు. ఒళ్లంతా ఒకటే అలజడి. కూరగాయలు తరుగుతూ తరుగుతూనే లేచి వరండాలో తిరిగేదాన్ని. అది మందు చేసే పనేనని ఆపేసి లిథియం రాశారు.

"పిచ్చోళ్ల మందు నీకెందుకే?" అంది మా అత్తగారు. అప్పుడే ఆవిడకు బీపీ బయటపడి, మా ఇంట్లో అందరికీ చప్పిడి కూర మొదలైంది. లిథియం వాడేవాళ్లు ఉప్పు హఠాత్తుగా తగ్గిస్తే మందు రక్తంలో పేరుకుంటుంది, అందుకని ఎప్పుడూ తినేంత ఉప్పు తినమన్నారు. దాంతో నా కూర వేరే గిన్నెలోకి మారింది, ఆవిడకు కొంచెం కోపం. ఎండల్లో నీళ్లు బాగా తాగాలి. పంటినొప్పికి మందుల షాపువాడు ఐబూప్రొఫెన్ తీయబోతే, లిథియంతో అది పడదని చెప్పి పారాసిటమాల్ తెచ్చుకున్నాను. వాంతులు, విరేచనాలు, తూలుడు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు చేయాలి. నాకు 0.6 దాటాలి, 1 దాటకూడదు అన్నారు. అంకె కుదిరాక కొన్ని వారాలకు, ఆవకాయకి కాయ కొట్టించుకు రమ్మని మా ఆయన్ని నేనే పురమాయించాను. ఆయన సంచీ పట్టుకుని, ఎన్ని కాయలని కూడా అడక్కుండా బయల్దేరారు.

చేతివేళ్ల వణుకు కొద్దిగా ఉంది, దాహమూ ఎక్కువే. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించుకుంటున్నాను. ఇదీ పనిచేయకపోతే మత్తిచ్చి చేసే కరెంటు చికిత్స ఉంది, సినిమాల్లో చూపించినట్టు ఉండదు అని డాక్టరుగారు ముందే చెప్పారు. నాకు దాని అవసరం పడలేదు.