అరకేజీ జీడిపప్పు, మూడు కేజీల బిల్లు

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి ఈ-కామర్స్ చెప్తున్నాను. సప్లై చెయిన్, పేమెంట్ గేట్‌వే లాంటి నిర్వచనాలు అడిగితే గడగడా అప్పజెప్తారు, ఒక్క పార్సిల్ కట్టమంటే మాత్రం టేపు కొస ఎక్కడుందో వెతుక్కుంటారు. తప్పు వాళ్లది కాదు, మనం ఎప్పుడూ కట్టించలేదు.

అందుకే ఈ సెమిస్టర్‌లో నిజంగా అమ్మించాను. మా క్లాసులో ఒకమ్మాయి పిన్నికి కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు వ్యాపారం ఉంది, ఫుడ్ లైసెన్సు కాగితాలు ఆవిడ పేరు మీదే ఉన్నాయి. "మీ సరుకు మేం ఆన్‌లైన్‌లో అమ్మిపెడతామండీ" అని పిల్లలే వెళ్లి అడిగారు.

మొదటి ఆర్డరు అరకేజీ. చేతికందిన అట్టపెట్టెలో పెట్టి పంపేశారు. మర్నాడు ఒక కుర్రాడు బిల్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, "ఇదేటి సార్, అరకేజీ పంపితే మూడు కేజీలకి తీసీసుకున్నారు!" అని. పెట్టె కొలిపించాను. 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు. మూడూ గుణించి 5000తో భాగిస్తే సరిగ్గా 3. చాలా కొరియర్లు అసలు బరువు, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే వసూలు చేస్తాయి. వాల్యూమెట్రిక్ వెయిట్ అని నేను రెండుసార్లు చెప్పిన పాఠమే, డబ్బు పోయాక గానీ ఎక్కలేదు.

తర్వాత 20, 15, 8 కొలతల పెట్టె తెచ్చారు. లెక్క 480 గ్రాములకి దిగింది కానీ, అరకేజీ పప్పుకి పెట్టె బరువు కలిసేసరికి 500 దాటి మళ్లీ పై స్లాబులో, అంటే ఎక్కువ చార్జీ పడే తర్వాతి బరువు మెట్టులో పడింది. సాయంత్రం దాకా కాటా ముందు కూర్చుని చివరికి ఆ అమ్మాయే అంది, "ప్యాకెట్టే 400 గ్రాములు చేసేద్దాం సార్." నాకు ఎంత సంతోషమేసిందో!

జీడిపప్పు గ్రేడు డబ్ల్యూ240 అని రాస్తే కొనేవాళ్లకి ఏం తెలుస్తుంది? పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఇంచుమించు 240 గింజలు తూగే రకమని అర్థం. 320 అంటే గింజ ఇంకా చిన్నది. పిన్నిగారి అరచేతిలో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో ఆ పని చేసింది.

ఇంకో సంగతి. ఇచ్ఛాపురం కుర్రాడు ఒడిశాలోని బరంపురంలో తెలిసినవాళ్లకి అమ్ముదామన్నాడు, కుదరలేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారులు 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ వేదికల మీద అమ్ముకోవచ్చు గానీ, సొంత రాష్ట్రం లోపలే. అనంతపురం పంపొచ్చు, పక్కనున్న బరంపురం పంపకూడదు. ఈ నియమం ఆ కుర్రాడు జన్మలో మర్చిపోడు.

వచ్చే సెమిస్టర్ పొందూరు ఖద్దరు పెడదామనుకుంటున్నాం. ఫోటోలు, ధరలు తర్వాత. ముందు వాలుగ చేప దవడతో పత్తి ఎలా ఏకుతారో ఆ పని చేసేవాళ్ల ఇంట్లోనే కూర్చుని చూడాలి, ఆ పత్తి చేత్తో ముట్టుకోవాలి, ఆ తర్వాతే ఎవరైనా లిస్టింగ్‌లో ఒక్క వాక్యం రాయాలి అని పిల్లలకి ఇప్పుడే చెప్పేశాను.