స్టిర్లింగ్ కారు: ఇంజను నుంచి చక్రం దాకా

గాలిని వేడి చేస్తూ చల్లబరుస్తూ నడిచే స్టిర్లింగ్ ఇంజనుతో బొమ్మకారు చేస్తున్నాను. స్పిరిట్ దీపం వెలిగించి, కాసేపు ఆగి, ఇంజను తిరుగుడును నిలకడగా ఉంచే చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను వేలితో ఒక్కసారి తిప్పితే చాలు, ఇంజను హాయిగా తిరుగుతోంది. కానీ రబ్బరు బ్యాండుతో చక్రాలకు తగిలించగానే చతికిలబడేది. అందుకే ఈ విడత పనంతా మంట పెంచడం మీద కాదు, రాపిడి తగ్గించడం మీదే.

ముందు ఇంజను సంగతి. వేడి వైపు వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజుతో చేసిన 25 మి.మీ. పరీక్షనాళిక. లోపల, గాలిని వేడి వైపు నుంచి చల్లని వైపుకూ మళ్ళీ వెనక్కూ తోసే డిస్‌ప్లేసర్‌గా, గిన్నెలు తోమే స్టీలు పీచును తీగ చుట్టూ 20 మి.మీ. మందాన చుట్టాను. అది గోడకు ఎక్కడా తగలకూడదు. పీచే ఎందుకంటే, వేడిగాలి చల్లని వైపు వెళ్తూ కొంత వేడిని అందులో వదిలేస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ తీసుకుంటుంది. స్కాట్లాండ్ మతబోధకుడు రాబర్ట్ స్టిర్లింగ్ 1816లో తీసుకున్న పేటెంటులో అసలు కీలకం ఈ ఏర్పాటే. డిస్‌ప్లేసర్ కడ్డీ 1 మి.మీ. స్టీలు తీగ, దానికి దారి 16 గేజి ఇంజెక్షన్ సూది. తీగ సులువుగా ఆడుతుంది, గాలి పెద్దగా కారదు. నాళిక మూతికి మెకానిక్కులు గాస్కెట్లకు వాడే ఎర్ర సిలికాన్ పూశాను.

పిస్టను 5 మి.లీ. గాజు సిరంజి. గొట్టం మీదా లోపలి కడ్డీ మీదా ఒకే అంకె ఉండాలి. జత మారితే పనికిరాదు. నిలువుగా పట్టుకుంటే కడ్డీ తన బరువుకే జారాలి, కొనను వేలితో మూస్తే ఆగిపోవాలి. దుకాణంలోనే ఇలా చూసి కొనండి. నూనె చుక్క కూడా వద్దు, జిగురెక్కి పట్టేస్తుంది. తాళాలకు వేసే గ్రాఫైట్ పొడి చాలు.

డిస్‌ప్లేసర్ క్రాంకు (ముందువెనకల కదలికను తిరుగుడుగా మార్చే చేయి) 10 మి.మీ., పిస్టను క్రాంకు 8. డిస్‌ప్లేసర్ పిస్టను కంటే 90 డిగ్రీలు, అంటే పావు చుట్టు ముందుండాలి. కాబట్టి ఇంజను ఒక వైపే తిరుగుతుంది. బండి వెనక్కి పోతుంటే కంగారు వద్దు, రబ్బరు బ్యాండును మెలిపెట్టి వేయండి.

ఇక రాపిడి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో తెచ్చిన 623 రకం (3 మి.మీ. రంధ్రం ఉన్న) చిన్న బేరింగుల్లోని గ్రీజు ఈ ఇంజనుకు మోయలేని బరువు. పెట్రోలులో కడిగి, ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను. సిరంజి ఊడదీసి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పితే మునుపు 10 సెకన్లలో ఆగేది, ఇప్పుడు 40 దాటుతోంది. ఫ్లైవీల్ పాత హార్డ్ డిస్కులోని పళ్ళెం. అంత సమంగా చేత్తో కోయడం ఎవరి తరం? పిస్టను కనెక్టింగ్ రాడ్‌ను సైకిల్ చువ్వతో 60 మి.మీ. పొడవుగా చేశాను. పొట్టిగా ఉంటే పిస్టనును పక్కకు నెడుతుంది, గాజుకూ గాజుకూ ఒరుసుకుంటుంది. బ్యాండు జారకుండా ఉండేంత బిగువే ఉంచాను. వెనక ఒక చక్రానికే శక్తి, రెండోది ఇరుసు మీద వదులుగా తిరుగుతుంది.

పుల్లీలు 8, 48 మి.మీ., అంటే ఇంజను ఆరు చుట్లకు చక్రం ఒక చుట్టు. చక్రాలు సీడీలు. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరిగితే బండి సెకనుకు 60 సెం.మీ. పోవాలి. నున్నని టైల్స్ మీద 40 దాకా వచ్చింది. బరువు మోస్తూ ఇంజను నెమ్మదిస్తుంది, అది సహజమే. ఐదారు నిమిషాలకు చల్లని వైపు కూడా వేడెక్కి జోరు తగ్గుతుంది. అక్కడ చుట్టిన తడిగుడ్డ పట్టీ ఇంకొంతసేపు నడిపిస్తోంది. తడి గాజు మీదుగా మంట వైపు పాకితే నాళిక పగులుతుంది, జాగ్రత్త. ఎండలో స్పిరిట్ మంట కనబడదు కనుక నీడలోనే నడపండి.

వరండా గచ్చు మీద మాత్రం ఇంకా మొరాయిస్తోంది. 48 బదులు 72 మి.మీ. పుల్లీ కోస్తున్నాను. వేగం మూడో వంతు పోతుంది, పోనీ.