గిట్టుతుందని బ్యాంకుకు, గిట్టదని వాలిడేటర్‌కు

మా సిమెంటు ఫ్యాక్టరీలోని వేస్ట్ హీట్ (వృథా వేడి) విద్యుత్ కేంద్రానికి 2012 చివర్లో సీడీఎం (క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం) రిజిస్ట్రేషన్ వచ్చింది. ఐక్యరాజ్యసమితి నడిపిన ఆ పథకంలో, తగ్గించిన ఒక్కో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు అమ్ముకోదగిన ఒక క్రెడిట్ దక్కేది. 2012 డిసెంబర్ 31 దాటాక రిజిస్టరయ్యే మన దేశపు ప్రాజెక్టుల క్రెడిట్లను యూరప్ మార్కెట్ తీసుకోబోదన్నది అప్పటి నియమం కనుక, గడువులోపే గట్టెక్కినట్లయింది.

యంత్రాల వైపు పెద్ద చిక్కులేమీ రాలేదు. ప్రీహీటర్ (ముడిపొడిని కొలిమికి ముందే వేడిచేసే భాగం) నుంచి 300 డిగ్రీలకు పైబడిన వేడితో వృథాగా పోయే వాయువును, క్లింకర్ కూలర్ (కాలిన సిమెంటు గడ్డలను చల్లార్చే భాగం) వేడిగాలిని బాయిలర్లకు మళ్లించి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతున్నాం. ఆ మేరకు గ్రిడ్ కరెంటు కొనడం తగ్గుతుంది. తప్పిన కార్బన్ డయాక్సైడ్‌ను గ్రిడ్ ఉద్గార గుణకంతో, అంటే గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ కరెంటుకు వెలువడే కార్బన్ డయాక్సైడ్ పరిమాణంతో, లెక్కకడతారు. ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ శాఖ ఆమోదమూ, చుట్టుపక్కల గ్రామస్థులతో సమావేశమూ సాఫీగానే సాగాయి.

చుక్కలు చూపించింది వాలిడేషనే, అంటే రిజిస్ట్రేషన్‌కు ముందు బయటి సంస్థ చేసే తనిఖీ. క్రెడిట్ల ఆదాయం లేకపోతే ఈ ప్రాజెక్టు గిట్టదని నిరూపించాలి. దాన్నే అడిషనాలిటీ అంటారు. అప్పు కోసం బ్యాంకుకు ఇచ్చిన నివేదికలోనేమో నిక్షేపంగా గిట్టుతుందని రాసి ఉంది. తనిఖీకి వచ్చిన కుర్రాడు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, రాబడి శాతాల కింద పెన్సిల్‌తో గీతలు గీసి, "సార్, బ్యాంకుకు ఒక మాట, మాకు ఒక మాటా?" అని మా డైరెక్టర్ గారి ఎదుటే అడిగాడు. ఏళ్ల తరబడి కిల్న్ (సిమెంటు కొలిమి) నడిపించిన నాకు తల కొట్టేసినట్లయింది. బ్యాంకు లెక్కలో క్రెడిట్ల ఆదాయం కూడా కలిసి ఉందని, ఆ వరుస తీసేస్తే రాబడి బెంచ్‌మార్క్ (పెట్టుబడిపై కనీసం రావాల్సిన శాతం) కన్నా దిగువకు పడుతుందని ఎక్సెల్ షీటు తెరిచి గడి గడీ చూపిస్తే గానీ అతను మెత్తబడలేదు. అంతలోనే, "రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు కదా, క్రెడిట్లు లేకున్నా దీన్ని పెట్టేవారేగా?" అని మరో మెలిక వేశాడు. పెట్టుబడి నిర్ణయం తీసుకున్ననాటి పరిస్థితులనే లెక్కలోకి తీసుకోవాలన్నది నియమం. 2009 నాటి బోర్డు మినిట్స్‌లో సీడీఎం ప్రస్తావన ఉండటం, బాయిలర్ ఆర్డరిచ్చిన 6 నెలల్లోపే యూఎన్‌ఎఫ్‌సీసీసీకి (ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగానికి) సమాచారం పంపి ఉండటం మమ్మల్ని కాపాడాయి. ఆ రోజుల్లో ఈ దారిలో వెళ్లదలచినవారు ఆర్డరు కన్నా ముందు మినిట్స్ రాయించుకోవాల్సి ఉండేది.

కన్సల్టెంట్‌ను మాత్రం నమ్ముకోవద్దు. మావాడు తెచ్చిన ముసాయిదాలో ఏదో స్పాంజ్ ఐరన్ కర్మాగారపు వివరాలు అలాగే మిగిలి ఉన్నాయి. ఫీజు బిల్లులో మాత్రం ఒక్క అక్షరం తప్పు లేదు.

2008లో టన్నుకు 20 యూరోలు దాటిన క్రెడిట్ 2012 చివరికి ఒక్క యూరో కూడా పలకలేదు. క్రెడిట్లు ఇచ్చే ముందు నిజంగా ఎంత తగ్గిందో సరిచూసే వెరిఫికేషన్ ఆడిటర్‌కు చెల్లించే ఫీజైనా తిరిగి వస్తుందా అని డైరెక్టర్ గారు అడిగారు. ఆ లెక్క కూడా నన్నే వేయమన్నారు.