మా మల్లి గుర్రుమన్న రోజు నుంచి

మా మల్లి వీధిలో దొరికిన కుక్కపిల్ల. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ పక్క సందులో, వానకి తడిసి స్కూటర్ కింద వణుకుతుంటే మా ఆయన తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఏడాదిన్నర దాకా ఏ గొడవా లేదు. ఒకరోజు రాత్రి అది అన్నం తింటుంటే ఆరేళ్ల మా బాబు బంతి కోసం దాని పక్కగా వెళ్లాడు. మల్లి తినడం ఆపేసింది. మూతి గిన్నెలోనే ఉంది, ఒళ్లు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది. తల తిప్పకుండా కళ్లు మాత్రం వాడి వైపు తిప్పింది, తెల్లగుడ్డు కనిపించింది. ఆ తర్వాత గొంతులోంచి గుర్రుమంది. వాణ్ణి రెక్క పట్టుకుని లాగేశాను. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

మర్నాటి నుంచి సలహాలే సలహాలు. తింటుండగా గిన్నె లాగేసి మళ్లీ ఇస్తుంటే అదే అలవాటవుతుందని కింది ఫ్లోర్ వాళ్లు అన్నారు. "రెండు తగిలించండమ్మా, దారికొస్తుంది" అన్నాడు వాచ్‌మన్. "పసివాడున్న ఇంట్లో ఎందుకమ్మాయ్ ఈ భయం, ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నారు అత్తయ్య. ఆవిడ భయం న్యాయమైనదే. ఫోన్‌లో ఏ వీడియో చూసినా మీరే ఆల్ఫా, అంటే గుంపుకి పెద్ద అని కుక్కకి చూపించాలనే మాట. చివరికి డబ్బులిచ్చి ఒక ట్రైనర్‌ని పిలిచాం. లాగితే మెడకి బిగుసుకునే చోక్ చైన్ వేయించి, గుర్రుమన్నప్పుడల్లా గట్టిగా గుంజమన్నాడు. పది రోజుల్లో గుర్రుమనడం ఆగిపోయింది, మేం సంతోషపడ్డాం. పన్నెండో రోజు మా ఆయన గిన్నె తీయబోతే ఏ చప్పుడూ లేకుండా మణికట్టు పట్టేసింది. రెండు పళ్లు దిగాయి.

కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తాం. ఆ రోజు, ఆపైన 3, 7, 28వ రోజుల్లో సూదులు వేశారు. మల్లికి టీకాలన్నీ వేయించాం కదా అని ఊరుకోలేదు, ఎవరూ ఊరుకోకూడదు.

ట్రైనర్‌ని మాన్పించి, నేనే చదవడం మొదలుపెట్టాను. ముందు ఆ ఆల్ఫా మాట ఎక్కడిదో వెతికాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి, వాటి మధ్య పెత్తనం కోసం జరిగే పోట్లాటల గురించి రాశారు. 1970లో తోడేళ్ల మీద పరిశోధన చేసే డేవిడ్ మెక్ తన పుస్తకంతో ఆ ఆల్ఫా మాటని అందరికీ చేర్చారు. అదే మెక్ ఏళ్ల తరబడి అడవి తోడేళ్లను గమనించి, అడవిలో గుంపంటే అమ్మా నాన్నా వాళ్ల పిల్లలేనని, ఆల్ఫా అనే మాట అక్కడ సరిపోదని 1999లో రాశారు. తన మాట తానే దిద్దుకున్న శాస్త్రవేత్త ఆయన. ఆ దిద్దుబాటు మా వీధి దాకా రాలేదు, పాత మాట మాత్రం మా ఇంట్లోకి గొలుసుతో సహా వచ్చింది. అది చదివి మల్లి మెడ తడుముతూ ఏడ్చాను.

అప్పటి నుంచి పుస్తకమైనా, వీడియో అయినా, మనిషైనా మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టాను. కుక్క సరిగ్గా చేస్తే దానికి ఏమిస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? ఇంతకంటే మెత్తటి దారి లేదా? రెండో ప్రశ్న దగ్గరే సగం మంది రాలిపోయారు. ఒకాయన "అది నా టెక్నిక్ మేడం, చెప్పను" అన్నాడు. చెప్పలేని పని నా కుక్క మీద చేయనివ్వను. మన దగ్గర ట్రైనర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, అందుకే అడిగి తీరాలి.

నిలబడినవి కొన్నే. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటన ఉచితంగా దొరుకుతుంది. అన్ని రకాల కుక్కలకీ, అన్ని రకాల సమస్యలకీ బహుమానంతో నేర్పే పద్ధతులే వాడమని అందులో సూటిగా ఉంది. తిండికీ, వస్తువులకీ కాపలా కాసే కుక్కల గురించే జీన్ డొనాల్డ్‌సన్ రాసిన 'మైన్!' అనే చిన్న పుస్తకం నాకు మెట్టు మెట్టుగా దారి చూపింది. భయపడ్డ కుక్క ఒళ్లు ఎలా ఉంటుందో బొమ్మలతో చూపించే పశువైద్యురాలు డాక్టర్ సోఫియా యిన్ పోస్టర్ ఒకటి ప్రింట్ తీయించి ఫ్రిజ్ మీద అంటించాను. చదవక్కర్లేదు, చూస్తే చాలు కాబట్టి మా బాబు రెండు రోజుల్లో పట్టేశాడు. ఇలాంటివి నాకు తెలుగులో దొరకలేదు. అత్తయ్య కోసం నేనే తెలుగులో ఒక కాగితం మీద రాసి క్యాలెండర్ పక్కన పెట్టాను.

బెంగళూరులో ఉండే, కుక్కల ప్రవర్తన మీద సలహాలిచ్చే ఒక కన్సల్టెంట్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆవిడ సలహా ఇవ్వకముందే మల్లి తింటున్న వీడియో దూరం నుంచి తీసి పంపమన్నారు. అది చూసి, ఒకవైపే నములుతోంది, ముందు డాక్టరుకి చూపించమన్నారు. నాకు నిజంగా నమ్మకం కుదిరింది అప్పుడే. డాక్టరుగారు నోరు తెరిచి చూస్తే పై దవడలో పెద్ద పన్ను చీలి ఉంది. "మటన్ బొమికలు పెడుతున్నారా అమ్మా?" అన్నారు. ప్రతి ఆదివారం ప్రేమగా పెట్టేదాన్ని. మత్తిచ్చి ఆ పన్ను తీసేశారు. నొప్పి పోయింది, చిరాకు సగం తగ్గింది, కాపలా అలవాటు మాత్రం మిగిలింది.

అప్పుడు మొదలైంది అసలు పని. మల్లి గిన్నె వంటింటి మూలకి మార్చి, అడ్డంగా చిన్న గేటు పెట్టాం. అది తింటుంటే నేను ఎనిమిది అడుగుల దూరంలో నడుస్తూ, ఉడికించిన కోడి లివర్ ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి ఆగకుండా వెళ్లిపోవాలి. అంతే. రోజుకి పది పన్నెండు సార్లు. మనిషి వస్తే గిన్నెలోది పోదు, ఇంకా మంచిది వస్తుంది అని దానికి తెలియాలి. ఒళ్లు బిగిస్తే నేను తొందరపడ్డానని అర్థం, మళ్లీ ఒక అడుగు వెనక్కి. అలా ఒక్కో అడుగే దగ్గరవుతూ, నాలుగు అడుగుల దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. ఒక పొద్దున నా అడుగుల చప్పుడుకి మల్లి గిన్నెలోంచి తలెత్తింది. చెవులు వెనక్కి వాలి ఉన్నాయి, ఒళ్లు మెత్తగా ఉంది, తోక నిదానంగా ఊగుతోంది. ఏం తెచ్చావన్నట్టు నా చేతి వైపే చూస్తోంది. ఐదు నెలలకి గిన్నె పక్కన నిలబడి ముక్క వేయగలిగాను.

ఇప్పుడు అత్తయ్య కూడా గేటు ఇవతల నుంచి "మల్లీ, ఇదిగోనే" అంటూ ముక్క విసురుతారు. ఎప్పుడైనా అది గుర్రుమంటే, దగ్గరికి రావద్దనే హెచ్చరిక అని ఎవరం తిట్టం, పక్కకి తప్పుకుంటాం. బాబు మాత్రం అది తినేటప్పుడు ఆ గేటు దాటడు. ఎంత బాగుపడినా ఆ నియమం అలాగే ఉంటుందని వాడితో చేతిలో చెయ్యి వేయించుకున్నాను.